అన్నయ్య తాగుడు, నా నోట్‌బుక్

ఈసారి ఒక పాఠకురాలి దగ్గర్నుంచి చాలా పెద్ద ఉత్తరం వచ్చింది. పేరు రాయలేదు. అందులోని సంగతులు కుదించి చెబుతున్నాను.

ఆమెకు 24 ఏళ్లు. సైకాలజీలో పీజీ చేస్తున్నారు. ప్రాజెక్టుకు తాగుడు వ్యసనాన్ని ఎంచుకున్నారు. అది మనిషికి ఎందుకు అంటుకుంటుంది, అతన్ని ఏం చేస్తుంది, ఏ వైద్యం పనిచేస్తుంది అన్నది ఆమె చదువుతున్న విషయం. ఎంచుకోవడానికి కారణం ఇంట్లోనే ఉంది. నాన్న తాగుడు వల్ల లివర్ పాడై ఆరేళ్ల కిందట చనిపోయారు. ఇప్పుడు 31 ఏళ్ల అన్నయ్య రోజూ తాగుతున్నాడు. ఉద్యోగం ఇంకా నిలబడే ఉంది కానీ, పొద్దున లేచేసరికి చేతులు వణుకుతుంటాయి. ఒక పెగ్గు పడితే తప్ప మామూలు మనిషి కాలేడు.

నాలుగు నెలలుగా ఆమె ఒక నోట్‌బుక్ రాస్తున్నారు. అన్నయ్య ఏ రోజు ఎంత తాగాడు, ఎన్నింటికి ఇంటికొచ్చాడు, ఏం అబద్ధం చెప్పాడు, అన్నీ తేదీలతో సహా. క్లాసులో నేర్చుకున్న పదకొండు లక్షణాలతో పోల్చి, ఎనిమిది ఉన్నాయని లెక్క తేల్చారు. ఒక రాత్రి గొడవలో ఆ మాట అతని మొహం మీదే అనేశారు: "నీకు పదకొండులో ఎనిమిది ఉన్నాయి. నీది సివియర్ కేసు." రెండు రోజుల తర్వాత నోట్‌బుక్ అన్నయ్య కంటపడింది. మొత్తం చదివాడు. "నాన్న పోయాక నీ ఫీజులు కట్టింది ఈ కేసే" అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయాడు. మూడు వారాలైంది, ఆమెతో మాట్లాడటం లేదు.

ఉత్తరం మధ్యలో మరో సంగతి రెండు మూడు వాక్యాల్లో ఉంది. ఈ ఏడాది మొదట్లో ఆమే సీసాలన్నీ దాచేసి, అన్నయ్య చేత బలవంతంగా మాన్పించబోయారట. రెండో రోజుకు ఒళ్లంతా చెమటలు, వణుకు. మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు. భయపడిపోయి అమ్మే సీసా తీసి ఇచ్చేసింది. "మా ప్రయత్నం అలా ఫెయిలైంది" అని రాశారు.

ఇక ఆమె ప్రశ్నలు. "వ్యసనం జబ్బా, బుద్ధి లోపమా? మా గైడ్ జబ్బు అంటారు. అమ్మ బుద్ధి అంటుంది. చదివే కొద్దీ నాకు ఏదీ తేలడం లేదు. తాగేవాళ్లకు తెలియకుండా భోజనంలో కలిపే మందు ఉందని ఎవరో అమ్మకు చెప్పారు, వాడొచ్చా? నాకూ ఇది వస్తుందా? ఫ్రెండ్స్‌తో రెండుసార్లు తాగాను, అందరికీ ఎక్కింది, నాకేమీ అనిపించలేదు. నువ్వు దీని గురించే చదువుతున్నావు కదా, వాడిని మాన్పించలేవా అని అమ్మ రోజూ అడుగుతుంది. ఇంత చదివి ఇంట్లో ఒక్క మనిషిని మార్చలేనప్పుడు ఈ టాపిక్ వదిలేయడమే మంచిదేమో. ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో కూడా తెలియడం లేదు."

సమాధానం

మీ ప్రశ్నల్లోకి వెళ్లే ముందు, మీరు ప్రశ్నగా అడగని సంగతి గురించి మాట్లాడాలి. మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు. దాన్ని మీరు ఫెయిలైన ప్రయత్నం అన్నారు. అక్కడికొచ్చాక నేను కాసేపు ఉత్తరం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ రాత్రి మీ అన్నయ్య ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి మీకూ తెలియలేదు, మీ అమ్మగారికీ తెలియలేదు. తెలిసుంటే ఆ పని చేసేవారు కాదు, అందుకే మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఇకమీదట మాత్రం తెలిసి ఉండాలి.

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు, మందుకు తగ్గట్టు మారిపోతుంది. ఆల్కహాల్ నరాల వేగాన్ని అణచిపెడుతుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు ఎదురుగా ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. బ్రేకు నొక్కే ఉంచిన బండి కదలాలంటే యాక్సిలరేటర్ మరింత గట్టిగా తొక్కాలి కదా, అలాగ. హఠాత్తుగా మందు ఆపేస్తే బ్రేకు ఊడిపోతుంది, యాక్సిలరేటర్ మాత్రం తొక్కినట్టే ఉంటుంది. మొదటి 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి ఎక్కడున్నారో తెలియని అయోమయం, లేనివి కనిపించడం, జ్వరం, గుండె దడ వస్తాయి. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఈ పేరు మీరు పుస్తకంలో చదివే ఉంటారు, బహుశా పరీక్షలో రాసి కూడా ఉంటారు. ఇంట్లో కళ్ల ముందుకొచ్చినప్పుడు గుర్తుపట్టలేకపోయారు. ఆ సమయంలో మీరు స్టూడెంట్‌గా లేరు, హడలిపోయిన చెల్లెలిగా ఉన్నారు.

డాక్టర్ల దగ్గర దీనికి మంచి వైద్యం ఉంది. నరాల ఉద్రేకాన్ని తగ్గించే బెంజోడయజెపీన్ రకం మందులు మొదట తగిన మోతాదులో ఇచ్చి, కొద్ది రోజుల్లో మెల్లగా తగ్గించి ఆపేస్తారు. బీ1 విటమిన్, అంటే థయమిన్, ఇస్తారు. ఎక్కువగా తాగేవాళ్ల ఒంట్లో అది తగ్గిపోతుంది. సమయానికి అందకపోతే నడక తూలి, చూపు చెదిరి, జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. తక్కువ మోతాదులో తాగేవాళ్లను ఇంటి దగ్గరే ఉంచి, డాక్టర్ పర్యవేక్షణలో మాన్పించవచ్చు. మీ అన్నయ్య విషయంలో నేనైతే ఆ మాట అనను. ఒకసారి అంత తీవ్రంగా వచ్చినవాళ్లకు, మళ్లీ ఆపినప్పుడు అంతకంటే గట్టిగా రావచ్చు. ఆసుపత్రిలో చేర్చి మాన్పించడమే క్షేమం.

కాబట్టి సీసాలు దాచడం, పారబోయడం ఇక వద్దు. అతనే కోపంలోనో పట్టుదలతోనో "ఇవాళ్టి నుంచి ముట్టను" అన్నా, సంతోషించి ఊరుకోకండి. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, తెల్లవారేదాకా చూద్దాం అనుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

భోజనంలో కలిపే మందు గురించి ఇక్కడే చెప్పేస్తాను. వద్దు. అమ్మగారికి ఎవరో చెప్పినది బహుశా డైసల్ఫిరామ్. 1940లలో డెన్మార్క్‌లో హాల్డ్, జాకబ్‌సెన్ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని కడుపులో పురుగులకు మందుగా పరిశీలిస్తూ, తామే మింగి చూశారు. ఆ తర్వాత మద్యం తాగితే ఒళ్లు పాడవుతోందని వాళ్లకే అనుభవమైంది. అలా అది తాగుడు మాన్పించే మందైంది. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. మందు వేసుకుంటున్నానని తెలిసిన మనిషి ఆ భయంతో గ్లాసు ముట్టడు. దాని పని అదే. తెలియని మనిషి ఎప్పట్లాగే తాగేస్తాడు. ఆఖరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా కూడా ఈ ప్రభావం ఉండొచ్చు. పైగా అది లివర్‌కు కూడా హాని చేయగలదు, మీ ఇంట్లో లివర్ చరిత్ర ఎలాంటిదో మీకు తెలుసు. వీటన్నిటికీ మించి, నోట్‌బుక్ చూసి అంత నొచ్చుకున్న మనిషికి, కంచంలోనూ ఏదో కలిపారని తెలిస్తే ఆ ఇంట్లో ఇంకెవరిని నమ్ముతాడు? మీ అమ్మగారికి ఈ ఒక్క విషయం మీరే చెప్పండి, గట్టిగా చెప్పండి.

ఇప్పుడు జబ్బా, బుద్ధా అన్న ప్రశ్న. మీకు తేలడం లేదన్నారు. ఈ రంగంలో జీవితమంతా గడిపినవాళ్లకే ఇంకా పూర్తిగా తేలలేదు. అమెరికా వైద్య సంఘం 1956లో తాగుడును జబ్బుగా గుర్తించింది. 1997లో ఆలన్ లెష్నర్ అనే శాస్త్రవేత్త, వ్యసనం మెదడు జబ్బు అని గట్టిగా వాదిస్తూ రాశారు. మీ గైడ్ చెబుతున్నది ఆ దారి. కాదు, ఇది మెదడు మరీ లోతుగా నేర్చేసుకున్న అలవాటు అంటారు మార్క్ లూయిస్. ఆయన నరాల శాస్త్రవేత్త, ఒకప్పుడు మత్తుమందులకు బానిసై బయటపడిన మనిషి. ఇద్దరి వాదనలూ చదవండి. మీ ప్రాజెక్టుకు పనికొస్తాయి.

ఇంటి వరకూ నాకు ఎక్కువ ఉపయోగపడినది మాత్రం వేరే ఒక ఆలోచన. 1954లో ఓల్డ్స్, మిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల మెదడులో సన్నని తీగలు అమర్చి, మీట నొక్కితే అక్కడ చిన్న కరెంటు తగిలేలా చేశారు. ఎలుకలు ఆ మీటను ఆపకుండా నొక్కుతూనే పోయాయి. సుఖానికి కేంద్రం దొరికిందని చాలాకాలం అనుకున్నారు. 1993లో రాబిన్సన్, బెరిడ్జ్ అనే ఇద్దరు దీన్ని వేరుగా చూశారు. మెదడులో ఇష్టపడటం ఒకటి, కావాలనిపించడం మరొకటి అన్నారు. డోపమైన్ అనే మెదడు రసాయనం నడిపేది ముఖ్యంగా రెండోదాన్ని. వ్యసనంలో ఇష్టం తగ్గిపోతుంది, యావ మాత్రం పెరుగుతూ పోతుంది. తాగి తాగి విసిగిపోయిన మనిషి, తాగుడంటే అసహ్యం వేస్తోందని ఏడ్చిన మనిషి, సాయంత్రమయ్యేసరికి మళ్లీ అదే గ్లాసు పట్టుకోవడం మీరు చూసే ఉంటారు. "అంత అసహ్యమైతే ఎందుకు తాగుతున్నావు?" అని మనం అడుగుతాం. అతని దగ్గర జవాబు ఉండదు. అబద్ధం చెబుతున్నాడనుకుంటాం. అతనికి అది నచ్చడం లేదన్నది నిజమే. అతను ఆగలేకపోతున్నాడన్నదీ నిజమే.

అయితే మీ అమ్మగారి మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. బుద్ధి అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది, వాడు మారగలడు అన్న నమ్మకం కూడా. ఆ నమ్మకానికి ఆధారం ఉంది. వియత్నాం యుద్ధం నుంచి 1971లో తిరిగొచ్చిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెతికి వెతికి కలిశారు. అక్కడ ఉండగా నల్లమందు, హెరాయిన్ లాంటి వాటికి బానిసలమయ్యామని దాదాపు 20 శాతం మంది చెప్పారు. అలా బానిసలైనవాళ్లలో ఇంటికొచ్చిన మొదటి ఏడాది మళ్లీ ఆ స్థితికి వెళ్లినవాళ్లు 5 శాతం మాత్రమే. యుద్ధం లేదు, ఆ మనుషులు లేరు, ఆ మత్తు చేతికందదు. చోటు మారేసరికి చాలామందికి పట్టు సడలింది. మీ అన్నయ్య కూడా అలా మానేస్తాడని దీన్నిబట్టి అనుకోవద్దు. అతను ఏ యుద్ధం నుంచీ ఇంటికి రావడం లేదు, అతని తాగుడు ఇంట్లోనే ఉంది. ఇందులోంచి నేను తీసుకునేది ఒక్కటే. మెదడు ఎంత మారినా, మనిషి చుట్టూ ఉన్నవాటికి ఇంకా బలం ఉంటుంది. ఆ చుట్టూ ఉన్నవాళ్లలో మీరూ ఒకరు.

అందుకే నోట్‌బుక్ విషయంలో మీతో నిజం మాట్లాడతాను. ఆ పని తప్పే. మీరు చెడ్డవారని కాదు, చేతిలో ఉన్న పనిముట్టు ఇంటి మనిషి మీద వాడేది కాదు. ఆ పదకొండు లక్షణాల పట్టిక, మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలోది, అది 2013లో వచ్చింది. ఆరు, అంతకు మించి ఉంటే తీవ్రం అంటారు, లెక్కలో మీరు పొరపడలేదు. కానీ అందులో సగం లోపలి సంగతులు. యావ ఎంత ఉందో, మానాలని ఎన్నిసార్లు లోలోపల ప్రయత్నించాడో, అనుకున్నదానికంటే ఎక్కువ తాగేశానని ఎన్నిసార్లు బాధపడ్డాడో అతను చెబితే తప్ప తెలియవు. అవి చెప్పాలంటే ఎదుటి మనిషి తనను తూకం వేయడం లేదన్న ధైర్యం ఉండాలి. పక్క గదిలోంచి నాలుగు నెలలు చూసి రాసిన లెక్కకు ఆ ధైర్యం దొరకదు. ఇంకో మాట, మీకు ఇష్టం లేకపోయినా చెప్పాలి. అతని అనుమతి లేకుండా ఆ రాతల్లో ఒక్క ముక్క కూడా మీ ప్రాజెక్టులోకి వెళ్లకూడదు. పేరు మార్చినా వెళ్లకూడదు.

నాలుగు నెలలు ఎందుకు రాశారో నాకు అర్థమవుతోంది. నాన్నగారి విషయంలో ఏమీ చేయలేకపోయారు. ఈసారి ఏదో ఒకటి చేతిలో ఉండాలనిపించింది. అంకెలు ఉంటే పట్టు ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ బాధకు మీకూ ఒకరు తోడు కావాలి. దాని గురించి తర్వాత చెబుతాను.

"ఈ కేసే నీ ఫీజులు కట్టింది" అన్న మాట మీద మీరు ఎక్కువ రాయలేదు. గుచ్చుకుని ఉంటుంది. నాకు మాత్రం అందులో ఒక దారి కనిపించింది. అతను "నాకేం జబ్బు లేదు" అనలేదు. "నీకెందుకు" అనలేదు. నన్ను కేసుగా చూడకు, అన్నయ్యగా చూడు అన్నాడు. తాగుడు గురించి ఒక్క ముక్క లేకుండా మీరు వెళ్లి క్షమాపణ చెప్పవచ్చు. "నీకు తెలియకుండా నీ గురించి రాశాను. తప్పు చేశాను. ఫీజులు నువ్వు కట్టావన్నది నేను మర్చిపోలేదు" అంటే చాలు. ఆ వెంటనే "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెడితే క్షమాపణ పోతుంది, లెక్చర్ మిగులుతుంది. అతను ఆ రోజే కరిగిపోకపోవచ్చు. ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోవచ్చు. అయినా అది చెప్పాల్సిన మాట.

తర్వాత ఏం చేయవచ్చన్నదానికి మీ ముందు రెండు మూడు దారులున్నాయి. ఇందులో ఏదీ పూర్తిగా సుఖమైనది కాదు.

ఇంట్లో అందరూ కూర్చుని, అతని ముందు తప్పులన్నీ ఏకరువు పెట్టి, "చేరతావా లేదా" అని నిలదీయడం ఒకటి. సినిమాల్లో ఇది బాగా పనిచేస్తుంది. నిజంగానూ కొందరు అలా ఆసుపత్రిలో చేరతారు. చాలా ఇళ్లలో మాత్రం అక్కడిదాకా వెళ్లేసరికి చేసేవాళ్లకే ధైర్యం చాలదు, జరిగితే మాటలు తెగిపోతాయి. ఇప్పటికే మూడు వారాలుగా మాటల్లేని ఇంట్లో దీన్ని నేను ముందుకు తేను.

రెండోది, కుటుంబానికి శిక్షణ ఇచ్చే పద్ధతి. క్రాఫ్ట్ అంటారు, రాబర్ట్ మేయర్స్ రూపొందించారు. మీ ప్రాజెక్టులో తగిలే ఉంటుంది. ఇందులో తాగే మనిషితో ముందు ఎవరూ మాట్లాడరు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేది మీరూ, అమ్మా. తాగని పూట అతనితో ఎలా ఉండాలి, తాగి వచ్చినప్పుడు గొడవ పడకుండా ఎలా పక్కకు జరగాలి, తాగుడు వల్ల వచ్చిన చిక్కులను మీరు సర్దిపెట్టడం ఎలా మానాలి, వైద్యం మాట ఏ సమయంలో ఎత్తాలి, ఇవన్నీ నేర్పుతారు. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో, వైద్యానికి ఒప్పుకోని తాగుబోతుల కుటుంబాలను మూడు గుంపులు చేసి చూశారు. క్రాఫ్ట్ నేర్చుకున్న కుటుంబాల్లో 64 శాతం మంది తమవాళ్లను వైద్యానికి ఒప్పించగలిగారు. నిలదీసే పద్ధతిలో 30 శాతం. మూడో గుంపును అల్-అనాన్ అనే కుటుంబాల సంఘం దారిలో నడిపించారు, అక్కడ 13 శాతం. అయితే ఆ సంఘం ఉన్నది కుటుంబాల మనశ్శాంతి కోసం. తాగేవాళ్లను ఒప్పించడం దాని లక్ష్యమే కాదు, కాబట్టి ఆ అంకె చూసి చిన్నచూపు చూడొద్దు. క్రాఫ్ట్‌కు ఉన్న కష్టం ఏమిటంటే, అది నెలల పని. అమ్మగారికి ఓపిక కావాలి. అది బాగా తెలిసిన కౌన్సెలర్ దొరకాలి.

మూడోది, మీరు ఈ విషయంలో పూర్తిగా పక్కకు తప్పుకుని, అతను గౌరవించే ఇంకొకరి చేత మాట్లాడించడం. స్నేహితుడు కావచ్చు, ఎప్పట్నుంచో తెలిసిన డాక్టర్ కావచ్చు. నోట్‌బుక్ తర్వాత మీ నోటి నుంచి వచ్చే మంచి మాట కూడా అతనికి రిపోర్టులాగే వినిపించవచ్చు. ఇందులో మీకు దక్కేది తక్కువ. అతను మారినా అది మీ వల్ల జరిగినట్టు ఉండదు. దానికి మీరు సిద్ధమైతే ఇది మంచి దారి. క్రాఫ్ట్‌తో కలిపి కూడా నడుస్తుంది.

ఏ దారిలో వెళ్లినా, మాట్లాడే పద్ధతి గురించి ఒక సంగతి. విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1983లో మొదటిసారి రాసిన పద్ధతిని మీరు క్లాసులో నేర్చుకునే ఉంటారు, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని. దాని ప్రాణం ఒక్క గమనింపులో ఉంది. మానాలా వద్దా అని ఊగిసలాడే మనిషి ముందు మనం మానాలి అన్న పక్షం తీసుకుంటే, మిగిలిన పక్షం అతను తీసుకుంటాడు. మనం ఎంత బాగా వాదిస్తే అతను అంత బాగా తాగుడును సమర్థించుకుంటాడు. మీ ఇంట్లో జరిగిన గొడవలు ఒకసారి గుర్తుచేసుకోండి. అందుకని తక్కువ చెప్పి ఎక్కువ అడగండి. తాగి ఉన్నప్పుడు కాదు, పొద్దున పూట. "నీకు ఇందులో ఏది కష్టంగా ఉంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగగలిగితే అదే చాలా ఎక్కువ. ఇంట్లో ఇది చేయడం క్లాసులో చేసినంత తేలిక కాదు, మధ్యలో మీకు ఏడుపొస్తుంది. రానివ్వండి.

అతను ఒప్పుకుంటే వైద్యం ఎలా ఉంటుందో అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. మొదట మాన్పించే కొద్ది రోజులు ఆసుపత్రిలో. చాలా కుటుంబాలు అక్కడితో అయిపోయిందనుకుంటాయి. అసలు పని తర్వాతే మొదలవుతుంది. యావ తగ్గించే నాల్‌ట్రెక్సోన్, మానేసిన స్థితి నిలబెట్టడానికి సాయపడే అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. అతని లివర్, కిడ్నీలు చూసి ఏది తగునో డాక్టర్ నిర్ణయిస్తారు. వాటితో పాటు కౌన్సెలింగ్. నిద్ర లేకపోవడం, డిప్రెషన్, టెన్షన్ లాంటివి కింద ఉంటే వాటికీ వైద్యం. తండ్రి పోయినప్పుడు అతనికి 25 ఏళ్లు. ఇంటి బరువు, మీ చదువు అతని మీద పడ్డాయి. ఆ దుఃఖం గురించి అతన్ని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? మీ ఉత్తరంలో అతని సీసాల లెక్క ఉంది, ఇది లేదు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘాలు 1935 నుంచి ఉన్నాయి. తనలాంటి వాళ్ల మధ్య కూర్చుంటే మాట పెగిలే మనుషులకు అవి బాగా పనికొస్తాయి. అందరికీ నప్పవు, నప్పకపోతే బలవంతపెట్టవద్దు.

మళ్లీ తాగుతాడు అన్నదానికి కూడా సిద్ధంగా ఉండండి. మత్తు వ్యసనాలకు వైద్యం తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారుతారని 2000లో వచ్చిన ఒక పేరున్న వ్యాసం లెక్క చెప్పింది. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు మందులు సరిగా వాడక మళ్లీ పడిపోయే రేటు కూడా దాదాపు అంతేనని పోల్చి చూపింది. బీపీ మళ్లీ పెరిగితే "ఇంత ఖర్చు పెట్టాం, సిగ్గులేదా" అని ఎవరం అనం. ఆలన్ మార్లట్ అనే ఆయన ఇక్కడ చాలా ముఖ్యమైనది గమనించారు. చాలా రోజులు మానేసి ఒక్క గ్లాసు తాగిన మనిషిని ముంచేది ఆ గ్లాసు కంటే, ఆ వెంటనే వచ్చే "అయిపోయింది, నావల్ల కాదు" అన్న ఆలోచన. ఇంట్లోవాళ్లూ ఆ మాటే అంటే ఇక తిరుగుండదు. ఆ రోజు మీ ఇంట్లో ఎవరు ఏం మాట్లాడాలో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి.

ఇక మీ గురించి. నాకూ వస్తుందా అని అడిగారు. తాగుడు వ్యసనంలో దాదాపు సగం పాత్ర వంశపారంపర్యానిదని కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన అధ్యయనాలు చూపాయి. అంటే మీకు ప్రమాదం ఇతరుల కంటే ఎక్కువే. అది రాసిపెట్టి ఉందని అర్థం కాదు, అలాంటి తల్లిదండ్రులున్న పిల్లల్లో చాలామందికి ఈ సమస్య రాదు. నన్ను ఆపినది మీ ఉత్తరంలోని ఇంకో ముక్క. అందరికీ ఎక్కింది, నాకేమీ అనిపించలేదు అన్నారు. అందులో కొంచెం గర్వం కూడా వినిపించింది, పొరపాటైతే మన్నించండి. మార్క్ షుకిట్ అనే సైకియాట్రిస్ట్, తండ్రులు తాగుడుకు బానిసలైన యువకులను ఏళ్ల తరబడి గమనించారు. చిన్న వయసులో మందు తక్కువగా ఎక్కేవాళ్లకే తర్వాత వ్యసనం వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఎక్కకపోతే ఆగమని ఒళ్లు చెప్పదు, మోతాదు పెరుగుతుంది. కాబట్టి ఎక్కకపోవడాన్ని బలంగా లెక్కపెట్టకండి. అసలు ముట్టకపోవడం మీకు అన్నిటికంటే సులువైన దారి. ముడతారా, అది మీ ఇష్టం. ఒంటరిగా తాగడం, నిద్ర కోసం తాగడం, ఇంట్లో గొడవ జరిగిన రోజు తాగడం, ఈ మూడు మాత్రం మీ చరిత్ర ఉన్నవాళ్లకు చాలా ప్రమాదం.

టాపిక్ వదిలేయాలా? ఒక్క మనిషిని మార్చలేకపోయానన్నది మాత్రం దానికి కారణం కాకూడదు. సర్జన్‌కు ఎంత అనుభవం ఉన్నా ఇంట్లోవాళ్ల ఆపరేషన్ వేరే సర్జన్‌కు అప్పగిస్తారు. అది వాళ్ల చేతకానితనం కాదు. అమ్మగారు మళ్లీ అడిగితే ఇదే చెప్పండి: "నేను చదువుతున్నది ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది, అన్నయ్యకు వైద్యం చేయడానికి కాదు." అయితే వదలడానికి నిజమైన కారణం ఒకటి ఉండొచ్చు. పేషెంట్లతో మాట్లాడి వచ్చిన రాత్రి నాన్నగారు కలలోకి వస్తుంటే, ప్రతి కేసులో అన్నయ్యే కనిపిస్తుంటే, ఇప్పుడు కొంచెం దూరం జరగడం తప్పు కాదు. నేరుగా పేషెంట్లతో మాట్లాడే పని కాకుండా, వచ్చిన పరిశోధనలను సమీక్షించే ప్రాజెక్టుగా మార్చుకోవచ్చు. ప్రాజెక్టు ఆలస్యం కావచ్చు కానీ మీకు ఊపిరి ఆడుతుంది. లేదా అదే టాపిక్‌లో ఉండి, ఇంటి పరిస్థితి గైడ్‌కు చెప్పి, మీరు కూడా ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లవచ్చు. చెప్పడానికి సిగ్గనిపించవచ్చు. ఈ రంగంలోకి ఇలాంటి ఇళ్ల నుంచే వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, మీ గైడ్ మొదటిసారి వినే మాట కాదిది. మీకు తోడు కావాలన్నది ఇందుకే. అల్-అనాన్ సమావేశాలు 1951 నుంచి మీలాంటి వాళ్ల కోసమే నడుస్తున్నాయి. అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి.

చివరిగా ఆ నోట్‌బుక్. చించేస్తే మీ మనసు తేలికపడుతుంది, కానీ అతనికి తెలియకుండా రాసినది అతనికి తెలియకుండానే మాయమవుతుంది. దాచుకుంటే ఇద్దరి మధ్యా ఎప్పటికీ ఉండిపోతుంది. నేనైతే క్షమాపణ చెప్పే రోజున దాన్ని అతని చేతికిచ్చేస్తాను. ఉంచుకుంటాడో, తగలబెడతాడో అతని ఇష్టం. ఇచ్చే ముందు, ఈ ఏడాది మొదట్లో ఆ మూడు రోజులు జరిగింది ఒక వేరే కాగితం మీద రాయండి. ఏ రోజు ఆపాడు, ఎన్ని గంటలకు వణుకు మొదలైంది, పురుగులు ఎప్పుడు కనిపించాయి, ఫిట్స్ వచ్చాయా లేదా. అతన్ని చూడబోయే డాక్టర్‌కు అది తప్పనిసరిగా కావాలి. ఆ కాగితం గురించి కూడా అన్నయ్యకు చెప్పండి. "ఇది నా ప్రాజెక్టుకు కాదు, నువ్వు ఎప్పుడైనా ఆసుపత్రికి వెళ్తే డాక్టర్‌కు ఇవ్వడానికి" అని చెప్పి, అది కూడా అతనికే ఇచ్చేయండి.